మెట్స్ ఇంటికెళ్ళిపోయారు. ఈ అక్టోబర్‌లో ఎవరి పక్షం?

ఎడిసన్_శ్రీను | 29 సెప్టెంబర్ 2025, ఉదయం 6:10

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆఫీసుకు వెళ్ళేలోపు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి ఇక్కడ రాస్తున్నాను.

నిన్న సాయంత్రం మా దగ్గర బతుకమ్మ. మధ్యాహ్నం నుంచే హాల్లో పేపర్లు పరిచి మా ఆవిడ, మా అమ్మాయి బతుకమ్మ పేరుస్తున్నారు. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు, బంతిపూలు, చామంతులే. టీవీలో మయామీ నుంచి మా న్యూయార్క్ మెట్స్, మార్లిన్స్ బేస్‌బాల్ ఆట. సీజన్‌లో ఆఖరిది, 162వది. అక్కడ మిల్వాకీలో, ఆఖరి చోటు కోసం మాతో పోటీలో ఉన్న రెడ్స్ ఓడిపోతున్నారు. మేం ఈ ఒక్కటి గెలిస్తే చాలు, పోస్ట్ సీజన్‌లో, అంటే టైటిల్ కోసం ఆడే అక్టోబర్ ఆటల్లో ఉంటాం.

నాలుగో ఇన్నింగ్స్‌లో మార్లిన్స్ నాలుగు పరుగులు చేశారు. ఐదో ఇన్నింగ్స్‌లో మాకు మూడు బేస్‌లూ నిండాయి. బ్యాటింగ్‌కు పీట్ అలోన్సో వచ్చాడు. మా అమ్మాయి చేతిలో బంతిపువ్వు అలాగే పట్టుకుని లేచి నిలబడింది. బ్యాట్ చప్పుడు వినగానే ఇద్దరం అరిచేశాం. గంటకు 116 మైళ్ళ వేగంతో వెళ్ళిందట ఆ బంతి. వెళ్ళి నేరుగా లెఫ్ట్ ఫీల్డర్ గ్లవ్‌లో పడింది. పది అడుగులు అటో ఇటో పడినా కథ వేరేగా ఉండేది. మా అమ్మాయి ఏమీ అనలేదు. కింద కూర్చుని, నలిగిన పువ్వు పక్కన పెట్టి, బుట్టలోంచి ఇంకోటి తీసుకుంది.

4-0తో ఓడిపోయాం. రెడ్స్ కూడా ఓడారు. రెండు జట్లూ 83 గెలిచి 79 ఓడాయి, కానీ ముఖాముఖి ఆటల్లో వాళ్ళదే పైచేయి కాబట్టి వాళ్ళు లోపల, మేం బయట.

జూన్ 12న మా లెక్క 45-24. మొత్తం బేస్‌బాల్‌లో అంతకన్నా మంచి రికార్డు ఇంకెవరికీ లేదు. ఆ రోజే మా పిచర్ (బంతి విసిరేవాడు) కొడాయ్ సెంగా ఫస్ట్ బేస్ కవర్ చేస్తూ బంతి కోసం ఎగిరి తొడ కండరం పట్టేయించుకున్నాడు. అక్కడి నుంచి 38-55. సరిగ్గా ఏడాది ముందు, 2024 జూన్ 12న, మెక్‌డొనాల్డ్స్ వాళ్ళ ఆ ఊదారంగు గ్రిమేస్ బొమ్మ వచ్చి మా మైదానం సిటీ ఫీల్డ్‌లో తొలి బంతి విసిరాక మెట్స్ లేచి నిలబడ్డారు. అదే తారీఖున లేచారు, అదే తారీఖున కుప్పకూలారు.

2007 సీజన్ ఆఖరి రోజున మా పాత మైదానం షే స్టేడియంలో నేనున్నాను. నేను అమెరికా వచ్చి రెండేళ్ళు. 17 ఆటలు మిగిలి ఉండగా ఏడు ఆటల ఆధిక్యం ఉండేది, మొత్తం కరిగిపోయింది. ఆ రోజు మొదటి ఇన్నింగ్స్‌లోనే మా పిచర్ గ్లావిన్ ఖాతాలో ఏడు పరుగులు పడ్డాయి. ఎదురు జట్టు మార్లిన్స్. 2008లో మళ్ళీ ఆఖరి రోజు, మళ్ళీ మార్లిన్స్, మళ్ళీ ఇంటికే. ఇప్పుడు మూడోసారి.

రేపటి నుంచి పోస్ట్ సీజన్. అక్టోబర్ బేస్‌బాల్ చూడకుండా ఉండలేను. పన్నెండు జట్లలో నాది లేదు. మీ జట్టు లేనప్పుడు మీరేం చేస్తారు? ఎవరి పక్షం వహిస్తారు, ఏం చూసి వహిస్తారు? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.


చెర్రీహిల్_రవి | 29 సెప్టెంబర్, ఉదయం 7:32

శ్రీను గారూ, ఫిలడెల్ఫియా ఫిలీస్ మనిషిగా చెప్తున్నా, నిన్న నాకూ సంతోషం అనిపించలేదు. అలోన్సో కొట్టిన ఆ బంతి చూసి అయ్యో అన్నాను. మీతో పోటీ పడి గెలవాలి గానీ మీరు ఇలా జారిపోతే ఏం బాగుంటుంది.

మా జట్టు 96 గెలిచి మన రెండు జట్లూ ఉన్న డివిజన్ (గుంపు) పట్టుకుంది. మనది పక్కపక్క ఊరే కదా, ఈ నెల మా వైపు రండి.


ఎడిసన్_శ్రీను | 29 సెప్టెంబర్, ఉదయం 7:50

రవి గారూ, మీ మనసు మంచిది. కానీ ఫిలీస్ ఎర్ర చొక్కా చూస్తూ చప్పట్లు కొట్టడం నా వల్ల కాదు. ఏడాదంతా ఏ జట్టు ఓడాలని కోరుకున్నానో, అక్టోబర్ రాగానే అదే గెలవాలని ఎలా కోరుకుంటాను? మిగతా పదకొండులో వెతుక్కుంటాను.


ఫ్రిస్కో_రాజు | 29 సెప్టెంబర్, ఉదయం 9:15

అన్నా, ముందు ఒక మాట. ఇంత డబ్బు పోసిన జట్టు ఎందుకిలా అయింది? సోటో ఒక్కడికే 15 ఏళ్ళకు 76.5 కోట్ల డాలర్లు ఇచ్చారు కదా. మా రేంజర్స్ 81-81. మాకు పెద్ద ఆశలు లేవు, పెద్ద బాధా లేదు. మీ సంగతి వేరు.


ఎడిసన్_శ్రీను | 29 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:40

రాజు తమ్ముడూ, సోటోని నేను ఒక్క మాట అనను. 43 హోమ్ రన్స్, 105 ఆర్‌బీఐలు (అతని బ్యాట్ వల్ల వచ్చిన పరుగులు), 38 స్టోలెన్ బేస్‌లు. ఇంతకన్నా ఏం చేయాలి ఒక మనిషి?

మునిగింది పిచింగ్‌లో. సెంగా తిరిగొచ్చాక పాత సెంగా కాదు. మనాయా, మోంటాస్, మెగిల్, ఒకరి తర్వాత ఒకరు గాయాలు. సీజన్ మొత్తం మీద 46 మంది పిచర్లను వాడారు, అంతకుముందు ఏ జట్టూ అంతమందిని వాడలేదు. జూలై ఆఖరులో బుల్‌పెన్‌కు (ఆట మధ్యలో దించే పిచర్ల గుంపుకు) తెచ్చుకున్న హెల్స్‌లీ అక్కరకు రాలేదు. ఆగస్టులో నోలన్ మెక్‌లీన్ అనే కుర్రవాడిని పైకి తెస్తే ఎనిమిది ఆటల్లో 5-1తో నిలబడ్డాడు. జట్టులో అందరికన్నా నమ్మకంగా బంతి విసిరింది అప్పుడే వచ్చిన పిల్లాడు.

నన్ను ఎక్కువ బాధించే లెక్క ఇంకోటుంది. ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి వెనకబడి ఉన్న ఆటలు ఈ ఏడాది 70. అందులో గెలిచింది సున్నా. డెబ్బైకి ఒక్కటి కూడా లేదు. 2024లో తొమ్మిదో ఇన్నింగ్స్ వరకూ ఆశ ఉండేది. మిల్వాకీలో అలోన్సో వాళ్ళ పిచర్ డెవిన్ విలియమ్స్ మీద కొట్టిన హోమ్ రన్ ఆ ఆశతో చూసినదే. ఈ ఏడాది ఎనిమిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి మా అమ్మాయి పళ్ళు తోముకోవడానికి వెళ్ళిపోయేది. పిల్లలకు అలా అలవాటు కావడమే నాకు కష్టంగా ఉంది.

ఓనర్ కోహెన్ క్షమాపణ చెప్పాడు. మంచిదే. 31 లక్షల మందికి పైగా సిటీ ఫీల్డ్‌కు వెళ్ళి కూర్చున్నాం ఈ ఏడాది. వాళ్ళకు ఆ మాత్రం చెప్పాలి.


బాతెల్_లక్ష్మి | 29 సెప్టెంబర్, ఉదయం 10:05

శ్రీను గారూ, మా సియాటెల్ వైపు రండి. బతిమాలి అడుగుతున్నాను అనుకోండి.

మారినర్స్ 1977లో పుట్టారు. ఇప్పుడున్న ముప్పై జట్లలో ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ (ఆఖరి టైటిల్ పోరు) ఆడనిది మాది ఒక్కటే. గెలవడం సంగతి అటుంచండి, ఆడనే లేదు. 2001లో 116 ఆటలు గెలిచి కూడా యాంకీస్ చేతిలో ఆగిపోయాం. ఆ తర్వాత మళ్ళీ డివిజన్ గెలవడం ఇప్పుడే. కాల్ రాలీ క్యాచర్‌గా ఉంటూ 60 హోమ్ రన్స్ కొట్టాడు. క్యాచర్ అంటే రోజూ మూడు గంటలు గొంతుకూర్చుని, ఒంటికి బంతులు తగిలించుకుని, ఆ తర్వాత లేచి బ్యాట్ పట్టాలి. అలాంటివాడు 60 కొట్టాడు.

మీరు 1986లో గెలిచారు. అది చూసినవాళ్ళు మీ చుట్టూ ఉన్నారు, వాళ్ళను అడిగితే ఎలా ఉంటుందో చెప్తారు. మాకు అడగడానికి ఎవరూ లేరు.


కూకట్‌పల్లి_కిరణ్ | 29 సెప్టెంబర్, రాత్రి 11:20 (భారత కాలం)

నేను మాస్టర్స్ మిల్వాకీలో చేశాను, నాలుగేళ్ళున్నాను. ఇండియా తిరిగొచ్చి ఆరేళ్ళయినా బ్రూవర్స్‌ని వదల్లేదు. 97 గెలుపులు, ఈ ఏడాది అందరికన్నా ఎక్కువ. చిన్న ఊరు, చిన్న బడ్జెట్. వరల్డ్ సిరీస్ ఒక్కసారి, 1982లో ఆడారు, గెలవలేదు. శ్రీను అన్నా, కష్టాన్ని చూసి పక్షం వహించాలంటే మాదీ తక్కువ కష్టం కాదు.

ఆటలు ఇక్కడ తెల్లవారుజామున వస్తాయి. ఇంట్లోవాళ్ళు లేవకముందు వంటింట్లో టీ పెట్టుకుని, ఫోన్‌ని పప్పుల డబ్బాకు ఆనించి చూస్తాను. పక్కన అరవడానికి ఎవరూ ఉండరు. అందుకే ఈ చర్చ దొరికితే ప్రాణం లేచొచ్చింది.


ఫ్రీమాంట్_వాసు | 29 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:30

అందరివీ చదివాను. శ్రీను గారు అడిగింది "మీ జట్టు లేనప్పుడు" అని. నాకు ఈ అక్టోబర్‌కు మాత్రమే కాదు, ఎప్పటికీ లేదు.

ఓక్లాండ్ ఏస్. 57 సీజన్లు ఆడారు ఆ ఊళ్ళో. 2024 సెప్టెంబర్ 26న కొలీజియంలో ఆఖరి ఆట. రేంజర్స్ మీద 3-2తో గెలిచారు. గెలిచాక ఎవరూ కదల్లేదు. నా పక్కన ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, గ్లవ్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. సెక్యూరిటీ వాళ్ళు వచ్చి నెమ్మదిగా చెప్పేదాకా ఆ గ్లవ్ తీయలేదు. మాటలేమీ మాట్లాడుకోలేదు. వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు.

ఇప్పుడు జట్టు శాక్రమెంటో దగ్గర చిన్న మైనర్ లీగ్ మైదానంలో ఆడుతోంది. 2028కి లాస్ వేగాస్ అంటున్నారు. ఆటగాళ్ళు కొందరు వాళ్ళే, రంగు అదే. కానీ చూడబుద్ధి కాదు. 2023 జూన్‌లో జట్టుని అమ్మేయమని ఓనర్‌కు చెప్పడానికి 27 వేలమందికి పైగా మైదానానికి వెళ్ళాం. అయినా ఆగలేదు.

జట్టు ఓడిపోతే వచ్చే ఏడాది ఉంటుంది శ్రీను గారూ. మీ బాధ చిన్నదని చెప్పడం లేదు. మార్చి వస్తుంది మీకు, అంతే చెప్తున్నాను.


కూకట్‌పల్లి_కిరణ్ | 30 సెప్టెంబర్, ఉదయం 7:10 (భారత కాలం)

వాసు గారూ, మాకు డెక్కన్ చార్జర్స్ విషయంలో కొంచెం తెలుసు ఆ బాధ. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు గెలిచారు, 2012లో జట్టే లేకుండా పోయింది. మళ్ళీ సన్‌రైజర్స్ వచ్చారు కాబట్టి సరిపోయింది. చాలామంది అలాగే మారిపోయాం. కానీ మా బాబాయి మాత్రం ఇప్పటికీ సన్‌రైజర్స్ ఆట పూర్తిగా చూడడు. స్కోర్ అడుగుతాడు, అంతే.


ఫ్రీమాంట్_వాసు | 29 సెప్టెంబర్, సాయంత్రం 7:02 (కాలిఫోర్నియా కాలం)

మీ బాబాయికి నా నమస్కారాలు చెప్పండి కిరణ్.


ఎడిసన్_శ్రీను | 30 సెప్టెంబర్, రాత్రి 10:45

వాసు గారి మాటలు రోజంతా గుర్తొస్తూనే ఉన్నాయి. ఏం చెప్పాలో తెలియక ఆగిపోయాను.

మా అమ్మాయితో కూర్చుని ఆలోచించాం. లక్ష్మి గారూ, మేం ఈ నెల మారినర్స్. తనే తేల్చింది. "ఎప్పుడూ వెళ్ళనివాళ్ళు వెళ్ళాలి నాన్నా" అంది. కిరణ్ తమ్ముడూ, మారినర్స్ లేని ఇంకో సగం, నేషనల్ లీగ్‌లో మీ బ్రూవర్స్. రెండు జట్లు అరువు తెచ్చుకున్నాం. బాగా చూసుకుంటాం.


టోరెన్స్_సురేశ్ | 1 అక్టోబర్, ఉదయం 8:20

ఏ చర్చ తెరిచినా మా లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఓడాలి, డబ్బుతో కొంటున్నారు అనే మాటే. ఇక్కడ ఇంకా రాలేదు, వచ్చేలోపు నేనే చెప్తాను. జీతాల పట్టికలో ఈ ఏడాది పైన ఉన్న రెండు జట్లు డాడ్జర్స్, మెట్స్. మా ఒహ్తానీకి 70 కోట్ల డాలర్లు అయితే మీ సోటోకి 76.5 కోట్లు. కాబట్టి మెట్స్ వాళ్ళు మమ్మల్ని ఆ మాట అనకూడదు.

నేను 2008 నుంచి ఈ ఊళ్ళో ఉన్నాను. మానీ రమిరెజ్ కాలం, తర్వాత ఓనర్ దివాలా, అన్నీ చూశాను. 2017, 2018 వరుసగా వరల్డ్ సిరీస్ ఓడిపోయినప్పుడు ఏడ్చాను. గెలిచే జట్టుకు అభిమాని అయినంత మాత్రాన మా ప్రేమ తక్కువది కాదు.


ఎడిసన్_శ్రీను | 1 అక్టోబర్, సాయంత్రం 6:15

సురేశ్ గారూ, మీరన్నది నిజం. నేను ఆ మాట అనను. డబ్బు మేమూ పెట్టాం. మీ వాళ్ళు ఆ డబ్బుతో పాటు పిచర్లను తయారుచేసుకున్నారు, మా వాళ్ళు ఆ పని సరిగా చేయలేదు. గత అక్టోబర్‌లో మమ్మల్ని 4-2తో ఓడించింది కూడా మీరే.

ఫలానా జట్టు ఓడాలి అని మాత్రం నేను ఆట చూడను. అలా మొదలుపెడితే మంచి ఆట కళ్ళ ముందు జరుగుతున్నా కనపడదు. ఎవరో ఒకరు గెలవాలని చూస్తేనే గుండె కొట్టుకుంటుంది.


చెర్రీహిల్_రవి | 10 అక్టోబర్, ఉదయం 5:40

నిన్న రాత్రి డాడ్జర్స్‌తో మా ఆట చూశారా? పదకొండో ఇన్నింగ్స్. బేస్‌లు నిండి ఉన్నాయి, ఇద్దరు ఔట్. వాళ్ళ పాహెస్ కొట్టిన బంతి మా పిచర్ కెర్కరింగ్ దగ్గరికే వచ్చింది. చేతిలో నిలవలేదు. ఫస్ట్ బేస్‌కు వేస్తే ఇంకా టైమ్ ఉంది. కంగారులో హోమ్‌కు (బ్యాటర్ నిలబడే చోటికి) విసిరాడు, అది పక్కకు పోయింది. 2-1. సీజన్ అయిపోయింది.

వాడికి 24 ఏళ్ళు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయి అలాగే ఉండిపోయాడు. నాకు ఓడినందుకన్నా వాడిని చూసి ఎక్కువ బాధ కలిగింది.


ఎడిసన్_శ్రీను | 10 అక్టోబర్, ఉదయం 6:05

రవి గారూ, చూశాను. మా అమ్మాయి నిద్రపోయింది, నేనొక్కణ్ణే చూశాను. మీ మేనేజర్ థామ్సన్ వెళ్ళి ఆ అబ్బాయిని దగ్గరికి తీసుకున్నాడు. అది చూశాక టీవీ ఆపేశాను. మీరు గెలవాలని నేను కోరుకోలేదు, నిజమే. కానీ ఇలా ఓడాలని ఏనాడూ కోరుకోలేదు. ఈ రోజు ఆఫీసులో ఎవరైనా దాని గురించి మాట్లాడితే లేచి వెళ్ళిపోండి. నేను 2007లో అదే చేశాను.


బాతెల్_లక్ష్మి | 11 అక్టోబర్, అర్ధరాత్రి 12:50

గొంతు పోయింది. రాయడానికి చేతులు మాత్రం ఉన్నాయి.

పదిహేను ఇన్నింగ్స్! ఎదురు జట్టు టైగర్స్ పిచర్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేశాడు. అంత బాగా విసిరినవాణ్ణి నేను మైదానంలో కూర్చుని ఎప్పుడూ చూడలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో మా లియో రివాస్, ఈ రోజు అతని పుట్టినరోజు, వచ్చి సమం చేశాడు. తర్వాత ఎనిమిది ఇన్నింగ్స్ ఎవరూ కూర్చోలేదు. మా పక్క వరుసలో ఒకావిడ మెడలోని రుద్రాక్షని రెండు వేళ్ళతో పట్టుకుని ఉంది, తెలుగావిడే అనుకుంటా, ఆట అయ్యేదాకా వదల్లేదు. మా పొలాంకో కొట్టాడు, క్రాఫర్డ్ పరిగెత్తి వచ్చాడు, 3-2, మేం గెలిచాం. నా ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి నన్ను గట్టిగా పట్టేసుకున్నాడు. ఎవరో తెలియదు.

శ్రీను గారూ, మీ అమ్మాయికి చెప్పండి, తను పక్షం మంచిది ఎంచుకుంది.


ఎడిసన్_శ్రీను | 11 అక్టోబర్, ఉదయం 9:30

రాత్రి ఒంటిగంట దాటేదాకా మేలుకున్నాం మేమిద్దరం! మా ఆవిడ రెండుసార్లు వచ్చి తిట్టి, మూడోసారి వచ్చి పక్కన కూర్చుంది.


మిస్సిసాగా_పద్మ | 12 అక్టోబర్, ఉదయం 10:10

నమస్కారం అందరికీ. ఇన్నాళ్ళూ చదువుతూ ఉన్నాను, ఈ రోజు మాట్లాడక తప్పదు. ఇప్పుడు లక్ష్మి గారి మారినర్స్ మా ఊరే వస్తున్నారు.

మా టొరంటో బ్లూ జేస్ గురించి ఎవరూ రాయలేదు. 2024లో మేం డివిజన్‌లో అట్టడుగున ఉన్నాం, 74 గెలుపులు. ఈ ఏడాది 94. ఆఖరి టైటిల్ 1993. నేను ఈ దేశం వచ్చింది 1999లో, అంటే నేనూ చూడలేదు. మా గెరెరో జూనియర్ ఏప్రిల్‌లో 14 ఏళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టాడు, ఇక్కడే ఉంటానన్నాడు. ఆ మాటకు ఊరంతా కరిగిపోయింది. ఈ లీగ్‌లో కెనడాకు ఉన్నది ఒకటే జట్టు.

లక్ష్మి గారూ, మంచి ఆట జరగాలి.


బాతెల్_లక్ష్మి | 18 అక్టోబర్, ఉదయం 7:00

మా సువారెజ్ గ్రాండ్ స్లామ్ (ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు)! ఎనిమిదో ఇన్నింగ్స్! 6-2! మూడు గెలిచాం. ఒక్కటి. వరల్డ్ సిరీస్‌కు ఒక్కటే ఒక్కటి మిగిలింది.


కూకట్‌పల్లి_కిరణ్ | 18 అక్టోబర్, రాత్రి 9:40 (భారత కాలం)

లక్ష్మి అక్కా, అభినందనలు. మా బ్రూవర్స్‌ని డాడ్జర్స్ 4-0తో ఊడ్చేశారు. ఈ రోజు ఉదయం ఒహ్తానీ బంతీ విసిరాడు, పది స్ట్రైకౌట్లు. అదే ఆటలో మూడు హోమ్ రన్స్ కూడా కొట్టాడు. టీ చల్లారిపోయింది, తాగడం మర్చిపోయాను. మా జట్టు ఓడుతున్నా కళ్ళు తిప్పుకోలేకపోయాను. సురేశ్ గారూ, మీ వాడు మామూలు మనిషి కాదు.


బాతెల్_లక్ష్మి | 20 అక్టోబర్, రాత్రి 9:25

దీపావళి శుభాకాంక్షలు అందరికీ.

సాయంత్రం ఐదింటికే బ్లూ జేస్‌తో ఆఖరిదైన ఏడో ఆట మొదలైంది. లక్ష్మీపూజ త్వరగా చేసుకున్నాం. మెట్ల మీద ప్రమిదలు పెట్టి లోపలికి వచ్చేసరికి 2-1తో మేమే ముందు. రాలీ ఐదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టాడు, 3-1. తొమ్మిది ఔట్లు చాలు. 48 ఏళ్ళకు తొమ్మిది ఔట్లు.

ఏడో ఇన్నింగ్స్‌లో ఇద్దరు బేస్‌ల మీద ఉండగా వాళ్ళ స్ప్రింగర్ కొట్టాడు. బంతి గాల్లో ఉండగానే తెలిసిపోయింది. 4-3. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మా హూలియో స్ట్రైకౌట్, అక్కడితో అయిపోయింది. ఆ ఏడో ఇన్నింగ్స్‌లో మా పిచర్ మూన్యోస్‌ని ఎందుకు దించలేదో నాకు జన్మలో అర్థం కాదు.

మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. రెండు వారాలుగా మాతో పాటు చూస్తున్నారు, రాలీని "ఆ గడ్డం అబ్బాయి" అంటారు. ఆట అయిపోయాక చాలాసేపు చూసి, "రేపు మళ్ళీ ఆడరా అమ్మా?" అని అడిగారు. "లేదత్తయ్యా, ఇంక మార్చి ఆఖర్లోనే" అన్నాను. అప్పటికి ఆవిడ ఇండియా వెళ్ళిపోతారు. ఆవిడకూ ఆ సంగతి తెలుసు. లేచి బయటకు వెళ్ళి, ఆరిపోతున్న ప్రమిదల్లో నూనె పోసి వచ్చారు.


మిస్సిసాగా_పద్మ | 21 అక్టోబర్, అర్ధరాత్రి 12:55

లక్ష్మి గారూ, మా వీధిలో టపాకాయలు కాలుతున్నాయి. పండగకు కొన్ని, ఆటకు కొన్ని. నేనూ అరిచాను, ఏడ్చాను. తర్వాత ఇక్కడికొచ్చి మీది చదివి కూర్చుండిపోయాను. మీ అత్తగారికి నా నమస్కారాలు. మా వాళ్ళు గెలిస్తే అందులో కొంత మీది కూడా అనుకుంటాను.


ఎడిసన్_శ్రీను | 21 అక్టోబర్, ఉదయం 6:30

లక్ష్మి గారూ, అరువు జట్టు అనుకున్నాను. స్ప్రింగర్ బంతి వెళ్తుంటే నా కడుపులో ఏదో తెగినట్టయింది. 2007లో షేలో ఎక్కడ నొప్పి పుట్టిందో అక్కడే. మా అమ్మాయి ఈసారి ఏడ్చింది. మెట్స్ ఓడిన రోజు ఏడవని పిల్ల, మీ కోసం ఏడ్చింది. పొద్దున్నే లేచి "లక్ష్మి ఆంటీ బాగున్నారా?" అని అడిగింది. ఏం చెప్పను?


బాతెల్_లక్ష్మి | 21 అక్టోబర్, ఉదయం 8:15

బాగున్నానని చెప్పండి. పద్మ గారి జట్టుకు సాయం చేయమనండి తనని.


కూకట్‌పల్లి_కిరణ్ | 28 అక్టోబర్, మధ్యాహ్నం 12:50 (భారత కాలం)

పొద్దున ఐదున్నరకు మొదలైన డాడ్జర్స్, బ్లూ జేస్ వరల్డ్ సిరీస్ మూడో ఆట ఇప్పుడే అయింది. 18 ఇన్నింగ్స్. ఆరు గంటల 39 నిమిషాలు. పిల్లల్ని స్కూల్ బస్ ఎక్కించాను, టిఫిన్ చేశాను, ఆఫీసు మీటింగ్ రెండు అయ్యాయి, ఆట ఇంకా జరుగుతూనే ఉంది. ఒహ్తానీ తొమ్మిదిసార్లు బేస్ ఎక్కాడు. ఆఖరికి డాడ్జర్స్ ఫ్రీమన్ హోమ్ రన్‌తో 6-5. పద్మ అక్కా, ధైర్యంగా ఉండు.


మిస్సిసాగా_పద్మ | 2 నవంబర్, రాత్రి 1:40

మూడు అంగుళాలు కూడా లేదు.

ఆఖరిదైన ఏడో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్ వరకూ 4-3తో మాదే. ఇంకో రెండు ఔట్లు. డాడ్జర్స్ రోహాస్, ఎవరూ లెక్కలోకి తీసుకోనివాడు, హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. మళ్ళీ మేం బేస్‌లు నింపాం. మా కైనర్-ఫలేఫా హోమ్‌కు జారాడు. వాళ్ళ క్యాచర్ స్మిత్ కాలు ప్లేట్ మీద నుంచి లేచి, మళ్ళీ తగిలింది. ఆ మధ్యలో మా వాడి కాలు రావాలి. రాలేదు. నేను రీప్లే లెక్కలేనన్నిసార్లు చూశాను. పదకొండో ఇన్నింగ్స్‌లో అదే స్మిత్ హోమ్ రన్. 5-4.

ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. మా వారు డిష్‌వాషర్ సర్దుతున్నారు, ఆ ప్లేట్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.


టోరెన్స్_సురేశ్ | 2 నవంబర్, ఉదయం 9:00

పద్మ గారూ, గెలిచినందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో అంత గౌరవం మీ జట్టు మీద ఉంది. మా పిచర్ యమమొటో ముందు రోజు 96 బంతులు విసిరి, మళ్ళీ మర్నాడు వచ్చి మిగతా ఆట మోశాడు కాబట్టి బయటపడ్డాం. 1998, 99, 2000 యాంకీస్ తర్వాత వరుసగా రెండుసార్లు గెలిచిన జట్టు మాది. అయినా నేను చూసిన అన్నిట్లోకీ కష్టపడి గెలిచిన ఆట ఇది.


ఫ్రిస్కో_రాజు | 2 నవంబర్, ఉదయం 10:30

పద్మ గారూ, 2011 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో మా రేంజర్స్ గెలుపుకు ఒక్క స్ట్రైక్ దూరంలో ఉన్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండుసార్లూ చేజారింది. ఆ రోజు నాన్నగారు ఫోన్ చేసి భోంచేశావా అని అడిగితే చేశానని అబద్ధం చెప్పాను. 2023లో గెలిచాం. ఆ పన్నెండేళ్ళు పోయాయనుకోలేదు, ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. కానీ గెలిచిన రాత్రి కూడా ఉంది.


ఫ్రిస్కో_రాజు | 24 నవంబర్, ఉదయం 8:45

శ్రీను అన్నా, చూశావా? మీ మెట్స్ వాళ్ళు నిమ్మోని మాకు పంపించారు, మా సీమియన్‌ని తీసుకున్నారు. ఎలా ఉన్నావు?


ఎడిసన్_శ్రీను | 24 నవంబర్, రాత్రి 9:10

చూశాను తమ్ముడూ. నిమ్మో వయోమింగ్ పిల్లాడు. అక్కడ హైస్కూళ్ళలో బేస్‌బాల్ జట్లే లేవు. 2011లో మెట్స్ తీసుకున్నారు, అప్పటి నుంచి ఇక్కడే. వాక్ (నాలుగు చెడు బంతులకు ఉచితంగా దొరికే ఫస్ట్ బేస్) వస్తే అందరూ నడుచుకుంటూ వెళ్తారు, ఇతను మొదటి రోజులాగా నవ్వుతూ ఫస్ట్ బేస్‌కు పరిగెత్తుతాడు. నువ్వు వెళ్ళి చూసినప్పుడు గమనించు. బాగా చూసుకోండి.


ఎడిసన్_శ్రీను | 10 డిసెంబర్, రాత్రి 10:20

నిన్న మా పిచర్ ఎడ్విన్ డియాజ్ డాడ్జర్స్‌కు వెళ్ళాడు. ఈ రోజు అలోన్సో. బాల్టిమోర్ ఓరియోల్స్‌తో ఐదేళ్ళు, 15.5 కోట్ల డాలర్లు. మెట్స్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ హోమ్ రన్స్ అతనివే, 264. ఆగస్టులో మా పాత ఆటగాడు స్ట్రాబెరీ రికార్డు దాటినప్పుడు మా ఇంట్లో కేక్ కోశాం.

మా అమ్మాయికి స్కూల్లోనే తెలిసింది. ఇంటికొచ్చి 20వ నంబర్ చొక్కా మడతపెట్టి అల్మరా పై అరలో పెట్టింది. పారేయలేదు, ఎవరికీ ఇవ్వనంది. "ఇప్పుడు మనం ఓరియోల్స్‌కా?" అని అడిగాను. వింతగా చూసింది నన్ను. "మనం మెట్స్ కదా నాన్నా" అంది.


చెర్రీహిల్_రవి | 10 డిసెంబర్, రాత్రి 10:48

మంచి పిల్ల శ్రీను గారూ.


ఫ్రీమాంట్_వాసు | 10 డిసెంబర్, రాత్రి 8:15 (కాలిఫోర్నియా కాలం)

ఆ చొక్కా అక్కడే ఉండనివ్వండి. నా ఆకుపచ్చ టోపీ కూడా పై అరలోనే ఉంది.


ఎడిసన్_శ్రీను | 11 డిసెంబర్, ఉదయం 6:40

మార్చి 26న సిటీ ఫీల్డ్‌లో పైరేట్స్‌తో మొదటి ఆట. అది గురువారం, స్కూల్ ఉంటుంది, అందుకే శనివారం ఆటకు వెళ్తున్నాం. పొద్దున్నే ఫ్లషింగ్ గణేశుడి గుడికి వెళ్ళి, క్యాంటీన్‌లో దోశ తిని, అక్కడి నుంచి మైదానానికి. ప్రతి ఏడాదీ ఇదే మాకు.

రవి గారూ, మీరూ రండి. ఆ ఎర్ర చొక్కాలోనే రండి, మా అమ్మాయి ఏమీ అనదు, నేను అడిగాను. వాసు గారూ, ఎప్పుడైనా ఈ వైపు వస్తే ఒక్క మాట చెప్పండి, ఏ వారమైనా సరే, మీకు టికెట్ నేను తీస్తాను.